ఎత్తుపల్లములను చూచు జంట కెమెరా

కృష్ణా తుంగభద్రా నదుల నడుమనున్న నేలను ప్రజలు నడిగడ్డ అందురు. జోగులాంబ గద్వాల జిల్లాలోని అయిజ ఈ నడిగడ్డలో ఒక పట్టణము. వానలు తక్కువగా కురియు ఈ ప్రాంతమునకు రాజోలిబండ మళ్లింపు పథకపు కాలువ పెద్ద ఆధారము. కర్ణాటకలోని రాయచూరు జిల్లాలో తుంగభద్రకు అడ్డముగా కట్టిన ఆనకట్ట వద్ద ఈ కాలువ బయలుదేరును. దీని పొడవు 143 కిలోమీటర్లు. అందు 40 కిలోమీటర్లకు పైగా కర్ణాటకలో నడచి, తరువాత అయిజ ప్రాంతమున తెలంగాణలో ప్రవేశించి, అలంపురము వైపు సాగును. తెలంగాణలో 87,500 ఎకరములకు నీరిచ్చుట దీని ఉద్దేశము. అందుకై బచావత్ ట్రిబ్యునలు 15.9 టి.ఎం.సి.ల నీటిని కేటాయించెను. అయినను కాలువ చివరనున్న రైతులకు నీరు నిండుగా అందలేదు. ఆ కొరతను తీర్చుటకై 2018లో తుమ్మిళ్ల ఎత్తిపోతల పథకము ప్రారంభింపబడినది.

కాలువలో నీరు పారుటకు యంత్రము లేదు. నేల వాలే దానిని నడిపించును. పెద్ద కాలువలకు ఇచ్చు వాలు సాధారణముగా కిలోమీటరునకు కొన్ని సెంటీమీటర్లు మాత్రమే. గట్టుపై నిలబడి చూచువానికి అంత చిన్న వాలు కానరాదు. నేల చదునుగానే తోచును. కాని నీరు మోసపోదు. ఎక్కడ ఎత్తు ఉన్నదో, ఎక్కడ పల్లము ఉన్నదో సరిగా తెలిసిననే కాలువను త్రవ్వవచ్చును, చెరువును కట్టవచ్చును, ఏ పొలమునకు నీరెక్కునో చెప్పవచ్చును.

ఈ ఎత్తుపల్లములను ఛాయాచిత్రము ద్వారా కొలువగలమా? ఒక ఛాయాచిత్రము ద్వారా సాధ్యము కాదు. రెండు చిత్రముల ద్వారా సాధ్యమగును. ఇంత చిన్న సంగతి నుండి పుట్టిన విద్య, లండనులో ఒక శాస్త్రజ్ఞుని బల్లపై నున్న రెండు అద్దములతో మొదలై, 2005లో శ్రీహరికోట నుండి ఎగిరిన ఒక జంట కెమెరా వరకు సాగినది. ఆ కెమెరా ఏమి చూచినదో, దానిని ఎట్లు పరీక్షించిరో, దాని శక్తికి హద్దు ఎక్కడనో తెలిసికొనుట విద్యార్థులకు ఉపయోగకరము.

ఒంటి కన్ను, జంట కన్నులు

ఒక కలమును ఎడమచేతను, దాని మూతను కుడిచేతను చాచి పట్టుకొని, ఒక కన్ను మూసికొని మూతను కలమునకు తొడుగ ప్రయత్నించినచో, తరచుగా మూత కలమునకు ముందో వెనుకో పోవును. రెండు కన్నులు తెరచినచో వెంటనే కుదురును. కారణమేమనగా, మనుష్యుని రెండు కన్నుల నడుమ దూరము సుమారు 6.5 సెంటీమీటర్లు. కుడికన్ను చూచు దృశ్యము ఎడమకన్ను చూచు దృశ్యము వంటిదే కాని, అదే కాదు. దగ్గరి వస్తువు రెండు దృశ్యములలో ఎక్కువగా ప్రక్కకు జరిగి కనబడును. దూరపు వస్తువు తక్కువగా జరుగును. ఈ జరుగుబాటునే పారలాక్సు అందురు. మెదడు ఈ తేడాను గ్రహించి దానిని లోతుగా అర్థము చేసికొనును. అనగా లోతు కుడికంటి దృశ్యములోను లేదు, ఎడమకంటి దృశ్యములోను లేదు. అది రెండింటి నడుమనున్న భేదములో ఉన్నది.

రెండు కన్నులు రెండు వేరు దృశ్యములను చూచునని పూర్వులకు తెలియును. చిత్రకారుడు ఎంత నేర్పరియైనను, రెండు కన్నులకు నిజవస్తువు కనబడు తీరును ఒక్క పటముపై చూపజాలడని లియొనార్డో డా విన్సీ గుర్తించెను. కాని ఆ భేదమే లోతునకు మూలమని ప్రయోగముచే నిరూపించినవాడు ఇంగ్లండుకు చెందిన చార్లెస్ వీట్‌స్టన్. 1838లో ఆయన రాయల్ సొసైటీకి సమర్పించిన వ్యాసములో ఒక చిన్న పరికరమును వర్ణించెను. రెండు అద్దములను సమకోణముగా నిలిపి, ఒక్కొక్క అద్దమునకు ఎదురుగా ఒక్కొక్క బొమ్మను ఉంచెను. కుడికంటికి ఒక బొమ్మ, ఎడమకంటికి మరొక బొమ్మ కనబడెను. రెండును గీతలతో గీసిన చదును బొమ్మలే. అయినను చూచువానికి ఘనాకారము కాగితము నుండి లేచి నిలిచినట్లు తోచెను. ఈ పరికరమునకు ఆయన స్టీరియోస్కోపు అని పేరు పెట్టెను.

ఆ నాటికి ఛాయాగ్రహణ విద్య ఇంకను ప్రకటింపబడలేదు. డాగ్యురే, టాల్బట్ పద్ధతులు 1839లో వెల్లడియైనవి. ఆ తరువాత చేతితో గీసిన బొమ్మల స్థానమును ఛాయాచిత్రములు ఆక్రమించెను. 1849లో డేవిడ్ బ్రూస్టర్ అద్దములకు బదులు కటకములతో చిన్న పెట్టెవంటి స్టీరియోస్కోపును రూపొందించెను. 1851లో లండనులో జరిగిన మహా ప్రదర్శనములో విక్టోరియా రాణి దానిని మెచ్చుకొనుటతో, అది ఇంటింటి వినోదమైనది. 1861లో అమెరికా దేశపు వైద్యుడు, రచయిత అగు ఆలివర్ వెండెల్ హోమ్స్ చౌకలో చేయదగిన చేతిపరికరమును తయారుచేసి, దానిపై హక్కులేవియు కోరకుండ లోకమునకు ఇచ్చివేసెను.

ఈ విద్య దక్షిణ భారతమునకు కూడ త్వరలోనే వచ్చినది. మద్రాసు రాజధాని ప్రభుత్వపు ఛాయాగ్రాహకుడు లిన్నేయస్ ట్రైప్ 1858లో మధుర, తిరుచిరాపల్లి, తంజావూరు ప్రాంతముల జంట చిత్రములను సంపుటములుగా వెలువరించెను. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ మద్రాసు రాజధానిలోనివే.

చూపు నుండి కొలతకు

వినోదముగా మొదలైన ఈ పరికరము కొలతకు పనికివచ్చుట ఎట్లు? అందుకు భూమిని కొలుచు విద్యను ఒక్కమారు జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. 1802లో విలియమ్ లాంబ్టన్ మద్రాసు వద్ద సుమారు ఏడున్నర మైళ్ల పొడవుగల ఆధార రేఖను ఉక్కు గొలుసుతో కొలిచెను. దాని రెండు కొసల నుండి దూరపు గుట్టను థియొడొలైటుతో చూచి రెండు కోణములు తీసికొన్నచో, గుట్టను చేరకయే దాని దూరము లెక్కకు వచ్చును. ఇట్లు త్రిభుజము ప్రక్కన త్రిభుజము అల్లుచు పోయిరి. లెక్క సరిగా నున్నదో లేదో చూచుటకు నడుమనడుమ క్రొత్త ఆధార రేఖలను కొలిచిరి. అట్టి రేఖ ఒకటి 1811లో అనంతపురము జిల్లాలోని గుత్తి వద్ద కొలువబడినది. ఆ సర్వే గుత్తి నుండి ఉత్తరమునకు సాగి, హైదరాబాదు సంస్థానపు నేలపై నడచినది.

మనిషి రెండు కన్నులు చేయు పని ఇదియే. కన్నుల నడుమ దూరము ఆధార రేఖ. రెండు చూపులు రెండు కోణములు. గుత్తి వద్ద మైళ్ల పొడవు గొలుసు చేసిన పనినే ముఖముపై 6.5 సెంటీమీటర్ల ఎడము చేయుచున్నది. ఎడము ఎంత ఎక్కువయినచో అంత దూరపు లోతు తెలియును. ఇంటిలోని వస్తువుల ముందువెనుకలు చక్కగా తెలిసికొను కన్నులు, అయిదు కిలోమీటర్ల దూరపు రెండు గుట్టలలో ఏది ముందున్నదో చెప్పలేకపోవుటకు కారణము ఇదియే. ఆ దూరమునకు 6.5 సెంటీమీటర్ల ఆధార రేఖ చాలదు.

ఈ రెండు విద్యలను కలిపినవారిలో ముఖ్యుడు జర్మనీ దేశమున జైస్ కర్మాగారములో పనిచేసిన కార్ల్ పుల్‌ఫ్రిష్. 1901లో ఆయన స్టీరియోకంపారేటరు అను యంత్రమును వెలుగులోనికి తెచ్చెను. జంట ఛాయాచిత్రములలో ఒకే బిందువు ఎంత జరిగినదో ఈ యంత్రము సూక్ష్మముగా కొలుచును. జరుగుబాటు తెలిసినచో ఎత్తు తెలిసినట్లే. విమానములు వచ్చిన తరువాత ఈ పద్ధతికి రెక్కలు వచ్చినవి. విమానము తిన్నగా ఎగురుచు, ఒక చిత్రములోని నేలలో నూటికి 60 వంతులు తరువాతి చిత్రములో మరల వచ్చునట్లు వరుసగా చిత్రములు తీయును. విమానము నడచిన దూరమే ఆధార రేఖ. ఇట్టి జంటలను స్టీరియోస్కోపు క్రింద ఉంచి, పటములపై సమోన్నత రేఖలను గీయుదురు. 1974లో హైదరాబాదులో ఏర్పడిన జాతీయ దూరసంవేదన సంస్థ, బేగంపేట విమానాశ్రయము నుండి విమానములను నడిపి ఇట్టి సర్వేలను చేసినది.

పుల్‌ఫ్రిష్ జీవితములో ఒక విచిత్రము కలదు. జంట చూపుపై అంత కృషి చేసిన ఆయనకు ఒక కంటి చూపు పోయినది. 1922లో ఆయన వివరించిన ఒక దృగ్విషయమును ఆయన స్వయముగా చూడలేకపోయెను. దారమునకు కట్టిన గుండు ఎడమ నుండి కుడికి, కుడి నుండి ఎడమకు ఊగుచుండగా, చూచువాడు రెండు కన్నులు తెరచి, ఒక కంటికి మాత్రము నల్లని అద్దము పెట్టుకొన్నచో, గుండు తిన్నగా ఊగక అండాకారముగా తిరుగుచున్నట్లు కనబడును. నల్లని అద్దము వెనుకనున్న కంటి సమాచారము మెదడునకు క్షణములో అతి స్వల్ప భాగము ఆలస్యముగా చేరును. ఆ లోపల గుండు కొంచెము కదలును. కాలములోని తేడాను మెదడు లోతుగా పొరబడును. జంట కెమెరాల చరిత్రలో ఈ పాఠము మరల మరల ఎదురగును.

కదలు బొమ్మల జంట

కదలని చిత్రముల తరువాత కదలు చిత్రములు వచ్చినవి. మన దేశములో తొలి త్రిపరిమాణ చలనచిత్రము 1984లో నవోదయ సంస్థ మలయాళములో నిర్మించిన 'మై డియర్ కుట్టిచాత్తన్'. అది తెలుగు ప్రేక్షకులకు కూడ చేరినది. కుడికంటి బొమ్మ, ఎడమకంటి బొమ్మ వేరువేరు దిశలలో ధ్రువణము చెందిన కాంతితో ఒకే తెరపై పడును. ప్రేక్షకుడు ధరించిన కండ్లజోడు ఏ కంటి బొమ్మను ఆ కంటికే పంపును. 2009లో ఫ్యూజీఫిల్మ్ సంస్థ విక్రయమునకు తెచ్చిన ఒక చేతికెమెరాలో రెండు కటకములు 77 మిల్లీమీటర్ల ఎడముతో అమర్చబడినవి. అది జంట ఛాయాచిత్రములతో పాటు జంట వీడియోను కూడ తీయగలిగెను. కండ్లజోడు లేకుండగనే వెనుకనున్న చిన్న తెరపై లోతు కనబడెను.

ఇట్టి కెమెరా చేతికి వచ్చినప్పుడు మూడు సంగతులను పరీక్షింపవలెను. మొదటిది, అమరిక. రెండు చిత్రములలో ఒకే బిందువు ప్రక్కకు జరుగవచ్చును గాని పైకిక్రిందికి జరుగరాదు. జరిగినచో కన్నులు నొచ్చును, కొలత చెడును. రెండవది, సమకాలము. రెండు కటకములు ఒకే క్షణమున చూడవలెను. క్షణమునకు 6 మీటర్ల వేగముతో పోవు బంతిని ఒక కటకము క్షణములో అరువదవ వంతు ఆలస్యముగా చూచినచో, బంతి ఆ లోపల 10 సెంటీమీటర్లు జరుగును. కన్నుల ఎడము కంటె ఇది పెద్దది. కావున బంతి ఉండవలసిన చోట ఉండక, గోడలోపలనో ముఖము ముందరనో ఉన్నట్లు కనబడును. మూడవది, ఎడము. చూడదలచిన వస్తువు దూరమునకు తగినంత ఎడము ఉండవలెను. ఛాయాగ్రాహకులు వాడుకగా పాటించు లెక్క ప్రకారము, అతి దగ్గరి వస్తువు దూరములో ముప్పదవ వంతు ఎడము చాలును.

ఆకాశమునకు ఎగిరిన కన్నులు

భారతదేశము భూమిని చూచుటకై పంపిన తొలి ఉపగ్రహము భాస్కర-1. 1979 జూన్ 7న సోవియట్ రాకెట్టుపై ఎగిరిన దానిలో రెండు టెలివిజన్ కెమెరాలు ఉండెను. రెండు కెమెరాలు అనగానే లోతు తెలియునని అనుకొనరాదు. వానిలో ఒకటి కంటికి కనబడు కాంతిలోను, రెండవది పరారుణ కాంతిలోను నేలను చూచుటకు ఏర్పడినవి. రెండును ఒకే చోటి నుండి చూచునవే. ఎడము లేని జంట రంగులోని భేదమును చెప్పును గాని ఎత్తును చెప్పజాలదు.

1995 డిసెంబరు 28న ఎగిరిన ఐ.ఆర్.ఎస్.-1సి ఉపగ్రహపు కెమెరాను ఇరుప్రక్కలకు 26 డిగ్రీల వరకు త్రిప్పవచ్చును. నేడు ఒక ప్రక్క నుండి, మరికొన్ని దినములకు మరొక ప్రక్క నుండి అదే నేలను చూచినచో జంట చిత్రములు సిద్ధమగును. ఎడము బాగుగా ఉన్నది. కాని సమకాలము లేదు. నడుమ దినములలో మేఘములు క్రమ్మవచ్చును, చెరువు నిండవచ్చును, పైరు కోయబడవచ్చును. రెండు చిత్రములలో ఒకే బిందువును గుర్తించుటయే కష్టమగును.

ఈ లోపమును తీర్చుటకై భారత అంతరిక్ష పరిశోధన సంస్థ రూపొందించిన ఉపగ్రహమే కార్టోశాట్-1. 2005 మే 5న ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీహరికోటలో క్రొత్తగా కట్టిన రెండవ ప్రయోగ వేదిక నుండి, పి.ఎస్.ఎల్.వి.-సి6 రాకెట్టు దీనిని మోసికొనిపోయెను. ఆ వేదిక నుండి జరిగిన తొలి ప్రయోగము ఇదియే. రాష్ట్రపతి ఎ.పి.జె. అబ్దుల్ కలాం దానిని స్వయముగా తిలకించెను. 1,560 కిలోగ్రాముల బరువుగల ఈ ఉపగ్రహము 618 కిలోమీటర్ల ఎత్తున ధ్రువముల మీదుగా భూమిని చుట్టునట్లు ప్రవేశపెట్టబడినది. అది పంపిన చిత్రములను అందుకొన్న భూకేంద్రము షాద్‌నగర్‌లో కలదు. 2005లో షాద్‌నగర్, అయిజ రెండును ఒకే మహబూబ్‌నగర్ జిల్లాలోనివి.

కార్టోశాట్-1లోని రెండు కెమెరాలలో ఒకటి నిట్టనిలువు నుండి 26 డిగ్రీలు ముందునకు, రెండవది 5 డిగ్రీలు వెనుకకు వంగి చూచుచుండెను. ప్రతి కెమెరాలోను 12,000 కాంతిగ్రాహక బిందువుల వరుస కలదు. ఒక్కొక్క బిందువు నేలపై సుమారు 2.5 మీటర్ల మేరను చూచును. అనగా వరుస మొత్తము మీద రమారమి 30 కిలోమీటర్ల వెడల్పుగల పట్టీ. చీపురుతో వాకిలి ఊడ్చినట్లు, ఉపగ్రహము సాగుచున్నకొలది ఈ వరుస నేలను గీతగీతగా ఊడ్చి చిత్రమును తయారుచేయును. ముందుచూపు కెమెరా ఒక ఊరిని చూచిన 52 క్షణములకు వెనుకచూపు కెమెరా అదే ఊరిని చూచును. ఆ లోపల ఉపగ్రహము నేలపై లెక్కకు 350 కిలోమీటర్లకు మించిన దూరము సాగిపోవును. ఈ జంట కన్నుల ఎడము అంతటిది. దినముల తేడా క్షణములకు తగ్గినది.

క్రొత్త కెమెరాకు పరీక్ష

పైన చెప్పిన మూడు పరీక్షలు ఈ కెమెరాకు కూడ తప్పలేదు.

అమరిక సంగతి చూతము. ఉపగ్రహము సాగుచున్న 52 క్షణములలో భూమి ఊరకుండదు. పడమర నుండి తూర్పునకు తిరుగుచుండును. అయిజ ఉన్న 16వ అక్షాంశమున నేల క్షణమునకు సుమారు 447 మీటర్లు తూర్పునకు జరుగును. 52 క్షణములలో అది 23 కిలోమీటర్లు. పట్టీ వెడల్పే 30 కిలోమీటర్లు కాగా, ఊరక విడిచినచో రెండవ కెమెరాకు మొదటి పట్టీలో చాల భాగము తప్పిపోవును. కావున ఉపగ్రహమును కొద్దికొద్దిగా త్రిప్పుచు, భూభ్రమణమును సరిచేయుచు, రెండు కెమెరాలు ఒకే పట్టీని చూచునట్లు నడిపిరి.

ఎడము సంగతి మరింత సంతృప్తికరము. ఎడమును ఎత్తుచే భాగించగా వచ్చు నిష్పత్తిని బట్టి లోతు తెలిసికొను శక్తి ఉండును. భూమి గుండ్రదనమును కూడ లెక్కలోనికి తీసికొన్నచో కార్టోశాట్-1కు ఈ నిష్పత్తి 0.62. మనిషి తన కన్నులకు సుమారు 10 సెంటీమీటర్ల దూరములో ఒక వస్తువును పట్టుకొని చూచినప్పుడు ఈ నిష్పత్తియే వచ్చును. అనగా 618 కిలోమీటర్ల మీది నుండి ఈ కెమెరా కొండలను, మనిషి తన ముక్కు ముందరి చింతగింజను చూచినంత లోతుగా చూచినదని భావింపవచ్చును.

ఇక కొలతల నిజానిజములు. భారత అంతరిక్ష పరిశోధన సంస్థయు, అంతర్జాతీయ ఫొటోగ్రామెట్రీ దూరసంవేదన సంఘమును కలిసి ఒక పరీక్షా కార్యక్రమమును చేపట్టినవి. ఎత్తులు ముందుగానే కచ్చితముగా తెలిసిన ప్రదేశముల జంట చిత్రములను దేశదేశముల పరిశోధకులకు ఇచ్చిరి. ఫ్రాన్సు, స్పెయిన్, పోలండు దేశములలోని స్థలములు అందులో చేరినవి. ఫలితములు 2006 సెప్టెంబరులో గోవాలో జరిగిన సదస్సులో చర్చింపబడినవి. తేలినది ఏమనగా, ఉపగ్రహము తానుగా చెప్పిన స్థానములను మాత్రమే నమ్మినచో నేలపై వంద మీటర్లకు మించి కూడ దోషము రావచ్చును. కాని నేలపై మనుష్యులు పోయి కొలిచిన కొద్దిపాటి ఆధార బిందువులను జోడించినచో, ఆ దోషము కొద్ది మీటర్లకు దిగును. ఆరుబయలు నేలలో ఎత్తుల దోషము కూడ అట్లే దిగును. ఆకాశమునుండి చూచు కంటికి కూడ గుత్తి వద్ద గొలుసు పట్టినవారి వంటి మనుష్యులు నేలపై కావలెనని ఈ పరీక్ష తెలిపినది.

సమకాలము విషయములో 52 క్షణముల తేడా పూర్తిగా పోలేదు. నేలకు, గుట్టకు, గట్టుకు ఆ తేడా లెక్కలేదు. కాని గంటకు 36 కిలోమీటర్ల వేగముతో పోవు లారీ 52 క్షణములలో 520 మీటర్లు సాగిపోవును. రెండు చిత్రములలో అది రెండు చోట్ల నుండును. కదలు మేఘము సంగతియు అంతే. పుల్‌ఫ్రిష్ గుండు నేర్పిన పాఠమే ఇది: కాలభేదము లోతుగా పొరబడును. నిశ్చలమైన చెరువు నీటి సంగతి మరొకటి. నున్నని నీటిపై గుర్తుపట్టదగిన బిందువు ఏదియు లేకపోవుటచే, యంత్రము ఒక చిత్రములోని చోటును రెండవ చిత్రములో పోల్చుకొనలేదు. అందుచే చెరువులపై ఎత్తులు తప్పుగా వచ్చును. వానిని వేరుగా సరిదిద్దవలెను.

ఎంత ఎత్తు తెలియును?

ఉన్నత పాఠశాల విద్యార్థి తానే చేయదగిన లెక్క ఒకటి కలదు. ఒక వస్తువు ఎత్తును 0.62చే గుణించినచో, రెండు చిత్రముల నడుమ దాని శిఖరము నేలపై ఎంత జరిగినట్లు కనబడునో తెలియును. 10 మీటర్ల ఎత్తుగల కట్టడము 6.2 మీటర్లు జరుగును. ఒక్కొక్క పిక్సెలు 2.5 మీటర్లు కావున ఇది సుమారు రెండున్నర పిక్సెళ్లు. దీనిని త్రిప్పి చూచినచో, ఒక పిక్సెలు జరుగుబాటునకు కావలసిన ఎత్తు 2.5ను 0.62చే భాగించగా సుమారు 4 మీటర్లు. పోలికను పిక్సెలు కంటె సూక్ష్మముగా చేయు పద్ధతులు కలవు గాని, ఈ కెమెరా శక్తి కొద్ది మీటర్ల స్థాయిలోనిదని ఈ లెక్క తెలుపుచున్నది.

కార్టోశాట్-1 జంట చిత్రములతో దేశమంతటికి కార్టోడెమ్ అను ఎత్తుల పటము తయారైనది. నూటికి తొంబది చోట్ల దోషము 8 మీటర్లకు మించరాదని దాని లక్ష్యము. 2009లో మొదలైన భువన్ వేదిక ద్వారా దీని ముతక రూపము ప్రజలకు ఉచితముగా అందినది. అయిదేండ్లు పనిచేయునని ఉద్దేశింపబడిన ఉపగ్రహము ఆ గడువును దాటి సేవ చేసినది.

ఈ అనుభవము భూమితో ఆగలేదు. 2008 అక్టోబరు 22న శ్రీహరికోట నుండి పోయిన చంద్రయాన్-1లో ముందునకు, నిట్టనిలువునకు, వెనుకకు చూచు మూడు చూపుల కెమెరా పెట్టబడినది. చంద్రునికి 100 కిలోమీటర్ల ఎత్తు నుండి అది 5 మీటర్ల సూక్ష్మతతో చిత్రములు తీసినది. ఆ చిత్రముల లోతును పరిశీలించిన శాస్త్రజ్ఞులు, కూలిపోని ఒక లావా సొరంగమును చంద్రునిపై గుర్తించిరి.

కాలువ గట్టుపై ఈ విద్య

ఇంత శక్తిగల కెమెరా అయిజ వంటి చోట ఏమి చెప్పగలదు? ఏ ప్రశ్నకు జవాబియ్యలేదు?

నేల మొత్తపు తీరును అది చక్కగా చెప్పగలదు. ఏ వాన నీరు కృష్ణ వైపు పోవునో, ఏది తుంగభద్ర వైపు పోవునో, రెండింటిని వేరుచేయు మిట్ట ఎక్కడ ఉన్నదో, ఏ వాగునకు ఎంత పరీవాహక ప్రాంతము కలదో, చెరువు కట్టుటకు అనువైన పల్లము ఎక్కడనో ఎత్తుల పటము చూపును. మునుపు సర్వే బృందములు నెలల తరబడి తిరిగి తెలిసికొన్న సంగతిని, ఇంజనీరు ముందుగా బల్లపైననే చూచి, ఎక్కడ కొలువవలెనో నిర్ణయించుకొనవచ్చును. ఇది సామాన్యమైన మేలు కాదు.

కాని కాలువ వాలును అది చెప్పలేదు. కిలోమీటరునకు 20 సెంటీమీటర్ల వాలుగల కాలువ ఒకటి ఉన్నదనుకొనుడు. అది 8 మీటర్లు దిగుటకు 40 కిలోమీటర్లు నడువవలెను. ఎత్తుల పటములో అనుమతింపబడిన దోషమే 8 మీటర్లు కదా! ఒక కిలోమీటరులోని 20 సెంటీమీటర్ల దిగుడును ఆ పటములో వెదకుట, బియ్యపు బస్తాలు తూచు కాటాపై బంగారమును తూచుట వంటిది. పైగా కెమెరా చూచునది పైభాగమును. పత్తి చేను ఏపుగా పెరిగిన చోట ఆకుల ఎత్తును, చెట్లున్న చోట కొమ్మల ఎత్తును చూచును. క్రిందనున్న మట్టిని చూడదు. కాలువ అడుగున పేరుకొన్న పూడికను నీటిగుండ చూడలేదు.

అందుచే చివరి ఆయకట్టునకు నీరు ఎందుకు రాలేదను ప్రశ్న వచ్చినప్పుడు, ఉపగ్రహ పటమును ముందు పెట్టుకొని తీర్పు చెప్పుట తగదు. డంపీ లెవెలును గట్టుపై నిలిపి, కొలత కర్రను పట్టించి, సెంటీమీటర్ల వరకు మట్టములు తీయవలెను. ఏ తూము వద్ద ఎంత నీరు పోవుచున్నదో కొలువవలెను. తక్కువ ఎత్తున ఎగురు డ్రోనుల ద్వారా కూడ నేడు జంట చిత్రములు తీయుచున్నారు. దగ్గరగా చూచుటచే వాని పిక్సెలు కొద్ది సెంటీమీటర్లదే. కావున వాని కొలత ఎంతో సూక్ష్మము. అయినను వానికి కూడ నేలపై కొలిచిన ఆధార బిందువులు కావలెను, నీటి అడుగు వానికి కూడ కనబడదు. సాధనము క్రొత్తదగుచున్నకొలది దాని హద్దు ఎక్కడనో తెలిసికొను బాధ్యత పెరుగును. ఒక సంఖ్యను నమ్మి కాలువ త్రవ్వినచో, ఆ సంఖ్యలోని తప్పునకు ఫలితమును అనుభవించువాడు చివరి పొలము రైతే.

తరగతిలో చేయదగిన ప్రయోగములు

ఉపాధ్యాయులు ఈ విషయమును ఖర్చులేకుండ బోధింపవచ్చును. దారమునకు గుండు కట్టి ఊపి, పాత నల్లకండ్లజోడులోని ఒక అద్దమును ఒక కంటికి పెట్టించి, పుల్‌ఫ్రిష్ దృగ్విషయమును పిల్లలచే చూపించవచ్చును. తరువాత అద్దమును రెండవ కంటికి మార్చినచో గుండు తిరుగు దిశ కూడ మారును. ఎందుకు మారినదో వారినే అడుగవచ్చును.

మొబైలు ఫోనుతో బల్లపైనున్న వస్తువులను ఒకమారు, ఫోనును ఎత్తు మార్చక 6 లేక 7 సెంటీమీటర్లు ప్రక్కకు జరిపి మరొకమారు చిత్రము తీయవలెను. రెండు చిత్రములపై స్కేలు పెట్టి, దగ్గరి వస్తువు ఎంత జరిగినదో, దూరపు వస్తువు ఎంత జరిగినదో కొలిచి పట్టిక వేయవలెను. దూరము రెట్టింపైనప్పుడు జరుగుబాటు ఎంత తగ్గినది? ఆ తరువాత బడి బయటికి పోయి, దూరపు గుట్టను గాని నీళ్ల ట్యాంకును గాని అట్లే తీసి చూడవలెను. 7 సెంటీమీటర్ల ఎడముతో జరుగుబాటు కానరాదు. అప్పుడు ముప్పదవ వంతు లెక్కను జ్ఞప్తికి తెచ్చుకొని, 90 మీటర్ల దూరపు చెట్టునకు 3 మీటర్లు జరిగి తీసినచో జరుగుబాటు స్పష్టముగా కనబడును. ఎడము పెరిగినకొలది దూరపు లోతు చేతికందునను సంగతి పిల్లలకు తమ స్కేలుపైననే తేలును. 350 కిలోమీటర్ల ఎడము ఎందుకు కావలసివచ్చినదో వారికి వేరుగా చెప్పనక్కరలేదు.